వరండాలో అన్న మాట

మంగళవారం తెల్లవారుజామున అయిదుంపావుకు మచిలీపట్నంలోని ఒక ఆసుపత్రిలో మా తెలుగు టీచరుగారు చనిపోయారు. వయసు డెబ్బై ఆరు. రెండేళ్లుగా గుండె జబ్బు ఉంది. బుధవారం మధ్యాహ్నం చర్చిలో ప్రార్థన జరిగాక సమాధి చేశారు. ముప్ఫై ఏళ్లు హైస్కూల్లో పాఠం చెప్పిన మనిషి కాబట్టి చాలామంది వచ్చారు. నేను గేటు దగ్గరే నిలబడ్డాను. లోపలికి వెళ్లడానికి ముఖం చెల్లలేదు. ఎందుకు చెల్లలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఎనిమిదో తరగతి నుంచి పది దాకా ఆమె దగ్గర చదివాను. కథ బాగుంది అని ఎవరైనా అంటే ఆమె ఊరుకునేవారు కాదు. "ఎక్కడ బాగుంది? వేలు పెట్టి చూపించు" అనేవారు. పుస్తకంలో ఆ వాక్యం మీద వేలు పెట్టి చూపించాలి. చూపించలేకపోతే కూర్చోవడమే. తిట్టేవారు కాదు, కొట్టేవారు కాదు. విలేకరిగా ఇరవై ఏళ్లు దాటాయి. మాటకు ఆధారం ఉండాలన్న పట్టింపు నాకు ఏ సంపాదకుడి దగ్గరా రాలేదు. అక్కడ వచ్చింది. దాన్ని నేను ఎలా వాడానన్నది తర్వాత చెబుతాను.

రిటైరయ్యాక ఆమె చిలకలపూడి వైపు ఒక చిన్న ఇంట్లో ఉన్నారు. వీధి పేరు రాయను. అక్కడ చాలా ఇళ్లలో రోల్డ్ గోల్డ్ పనే. మగవాళ్లు పాలిష్ పట్టడం, పూత వేయడం చేస్తారు. ఇంట్లో ఆడవాళ్లు, బడి నుంచి వచ్చిన పిల్లలు కమ్మలకు రాళ్లు అతికిస్తారు. టీచరుగారి దగ్గర రెండు బీరువాల నవలలు ఉండేవి. వీధిలో పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు వారానికో నవల ఇచ్చి, శనివారం మూడింటికి వరండాలో కూర్చోబెట్టి, చదివినదాని మీద మాట్లాడించాలని ఆమె ఆలోచన. మొదటి రెండు శనివారాలు ఇద్దరే వచ్చారట. మిగతావాళ్లకు ఇంట్లో పని.

ఆమె ఇంటింటికీ వెళ్లారు. "పని మానమనడం లేదమ్మా. పళ్లెం తెచ్చుకోమను. మా వరండాలో వెలుతురు బాగుంటుంది, రాయి వంకర పోదు" అని తల్లులకు చెప్పారు. మూడో శనివారం నుంచి ఏడుగురు రావడం మొదలుపెట్టారు. ఒడిలో స్టీలు పళ్లెం, అందులో కమ్మలు, రాళ్లు, చిన్న జిగురు డబ్బా, పుల్ల. చాప మీద కూర్చుని రాళ్లు అతికిస్తూ నవలల గురించి మాట్లాడేవాళ్లు. కమ్మలు గుచ్చే అట్టముక్కలే పుస్తకంలో గుర్తు పెట్టుకోవడానికి వాడేవాళ్లు.

ఇది ఎందుకు అంత బాగా పనిచేసిందో ఆమె ఒకసారి నాతో చెప్పారు. "చేతిలో పని ఉంటే తల దించుకుని ఉంటారు. ఎవరి కళ్లలోకీ చూడక్కర్లేదు. అప్పుడు మనసులో మాట బయటికొస్తుంది."

ఏడేళ్ల కిందట ఒక శనివారం నేను ఆ వరండాకు వెళ్లాను. మా పత్రిక జిల్లా పేజీకి మంచి వార్త అవుతుందని. గేటు దగ్గరే ఆమె ఒక మాట చెప్పారు. "పుస్తకం గురించి అన్నది రాసుకో. ఇంటి గురించి అన్నది ఇక్కడే వదిలేసి వెళ్లు."

"అలాగే టీచర్" అన్నాను. కచ్చితంగా ఉండాలని ఫోన్‌లో రికార్డు చేశాను.

ఆ వారం అందరికీ ఒకే నవల. అందులో కూతురి కాలేజీ దరఖాస్తును తండ్రి చించేస్తాడు. ఆమె ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. ఆఖరి అధ్యాయంలో తిరిగొచ్చి, తండ్రి కాళ్ల మీద పడి తనను క్షమించమంటుంది.

పొడుగాటి కుర్రాడొకడు ముందుగా అందుకున్నాడు. "హీరోయిన్ అన్నయ్య క్యారెక్టర్ వేస్ట్ మేడం."

"ఎక్కడ వేస్టు? వేలు పెట్టి చూపించు."

"మొత్తం మేడం."

"మొత్తం అన్నాడంటే చదవలేదన్నమాట" అన్నారు ఆమె.

పక్కనున్న అమ్మాయి పుల్ల జిగురులో ముంచుతూ, "నూట ఇరవై దగ్గర ఆపేశాడు మేడం. అట్టముక్క ఇంకా అక్కడే ఉంది, చూడండి" అంది.

"నీకెందుకే? నా పుస్తకం నువ్వెందుకు తెరిచావ్?"

"నీ పుస్తకమేంటి, మేడంది."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ఒక రాయి కింద పడితే ముగ్గురు చాప మీద వెతికారు. అది దొరికాక, అప్పటిదాకా మాట్లాడని ఒక అమ్మాయి పళ్లెంలోంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది. తొమ్మిదో తరగతి.

"నాకు ఆఖరి అధ్యాయం నచ్చలేదండీ. కాగితం చించింది ఆయన. సారీ చెప్పింది ఈమె. రాసినావిడకి అది తప్పుగా అనిపించలేదా అని. మా ఇంట్లోనూ అంతేనండి. నాన్న కంచం విసిరేస్తే అమ్మే సారీ చెబుతుంది."

టీచరుగారు కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుచుకున్నారు. తన అభిప్రాయం ఆమె ఎప్పుడూ ఆఖర్న చెప్పేవారు. ఆ రోజు, "నాకు ఇంకా తెలియడం లేదర్రా. మళ్లీ చదవాలి" అన్నారంతే.

ఆఫీసుకొచ్చి రికార్డు విన్నాను. ఆ పిల్ల మాటలే అన్నిటికన్నా బాగున్నాయి. చివరి రెండు వాక్యాలు తీసేస్తే అది నవల మీద అభిప్రాయం. ఉంచితే వార్త. ఇంటి మాట వదిలేయమని టీచరుగారు చెప్పారు. కానీ ఇక్కడ పుస్తకం, ఇల్లు ఒకే ఊపిరిలో వచ్చాయి కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పేరు వేయలేదు. 'తొమ్మిదో తరగతి చదువుతున్న, పాలిష్ పని చేసే కుటుంబానికి చెందిన ఒక బాలిక' అని రాశాను. పేరు వేయకపోతే చాలని మా వృత్తిలో అనుకుంటాం. ఆ ఏడుగురిలో తొమ్మిదో తరగతి అమ్మాయి ఒక్కతే అని నేను చూసుకోలేదు.

సోమవారం వార్త వచ్చింది. శీర్షిక డెస్కు పెట్టింది. వాక్యాలు మాత్రం నావే.

ఉదయం టీ కొట్టు దగ్గర ఎవరో పైకి చదివారు. పాలిష్ పనివాళ్లంతా అక్కడే ఉన్నారు. "ఏంట్రా, రాత్రి కంచం ఎంత దూరం వెళ్లింది?" అని ఒకడు అడిగాడట ఆ పిల్ల తండ్రిని. "స్టీలుదా, సత్తుదా?" అని ఇంకొకడు. ఆ సాయంత్రం వాళ్లింట్లో ఏం జరిగిందో ఆ అమ్మాయి ఈ వారం నాకు చెప్పింది. రాయొద్దంది. రాయడం లేదు.

అదే సాయంత్రం టీచరుగారు వాళ్లింటికి వెళ్లారు. "ఆ మాట మీ అమ్మాయిది కాదు బాబూ. మా నాన్న సంగతి నేను చెబుతుంటే ఆ పేపరబ్బాయి కలిపేసి రాసుకున్నాడు. వాడు నా స్టూడెంటే. చిన్నప్పట్నుంచీ అంతే, సగం విని రాస్తాడు" అన్నారు. వేలు పెట్టి చూపించలేని మాట ఆమె అనడం అదే మొదటిసారి అయ్యుంటుంది. ఆ ఇంట్లో తల్లి వెంటనే, "నేను చెప్తానే ఉన్నాగా, మన పిల్ల అలా అనదని" అందుకుందట.

మర్నాడు మోపిదేవిలో భక్తుల రద్దీ మీద వార్త కోసం గుడి బయట క్యూ పక్కన ఉన్నాను. ఫోన్ వచ్చింది.

"ఏవండీ, విలేకరిగారేనా? ఆ కంచం మాట మా పిల్ల అనలేదంటగా. టీచరుగారు చెప్పారు. మీరు పొరపాటు పడ్డారంట."

ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తుంది. అందులో దెబ్బలాట లేదు. ఆయనకు కావాల్సింది నేను అవుననడమే. అవునంటే టీ కొట్టు దగ్గరకెళ్లి ఆ మాట చెప్పుకోగలడు. ఇంటికెళ్లి అన్నం తినగలడు. 'అవునండీ, పొరపాటే' అంటే సరిపోయేది.

"పొరపాటేం లేదండీ. మీ అమ్మాయే అంది. నా దగ్గర రికార్డింగ్ ఉంది" అన్నాను.

"సరేనండీ" అని ఆయన పెట్టేశారు.

నాకప్పుడు కోపం కూడా లేదు. వార్త తప్పని ఎవరన్నా అంటే ఆధారం చెప్పడం నా అలవాటు. ఫోన్ జేబులో పెట్టుకుని, క్యూలో ఎంతమంది ఉన్నారో అడగడానికి వెళ్లిపోయాను. నేను చెప్పినది నిజం. ఏడేళ్లుగా నన్ను సిగ్గుపడేలా చేస్తున్నదీ అదే.

తర్వాతి శనివారం నుంచి ఆ అమ్మాయి వరండాకు రాలేదు. నెల తిరక్కుండానే గుడివాడ దగ్గర నందివాడలో మేనత్త ఇంటికి పంపేశారు. మిగతా ఇళ్లవాళ్లూ పిల్లలను మాన్పించారు. "మనింట్లో కూర మాడినా రేపు పేపర్లో వస్తుంది" అని ఒక తల్లి అన్నదట. టీచరుగారు ఇంకో మూడు శనివారాలు చాప పరిచి కూర్చున్నారని ఎదురింటివాళ్లు చెప్పారు. నాలుగో శనివారం పరచలేదు.

రెండు నెలలకు గానీ ఆ ఇంటికి వెళ్లే ధైర్యం నాకు రాలేదు. వెళ్లేసరికి ఆమె పాత క్యాలెండరు కాగితాలతో నవలలకు అట్టలు వేస్తున్నారు. "రారా, కూర్చో. ఆ చివర పట్టుకో" అన్నారు. పట్టుకున్నాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాగితం వైపే చూస్తున్నాను.

ఆమే అన్నారు. "నువ్వు సగం విని రాస్తావని వాళ్లతో చెప్పాను. నీ పేరు చెడగొట్టాను. ఏమనుకోకురా, సారీ."

"అయ్యో, పర్లేదు టీచర్" అన్నాను.

నా నోటి నుంచి వచ్చింది అంతే. పర్లేదు. అట్ట మడుస్తూ ఆమె, "నీ దగ్గర రికార్డు ఉందని నాకు తెలియదు. తెలిసుంటే ముందు నీ దగ్గరికొచ్చి బతిమాలుకుని, తర్వాత వాళ్లింటికి వెళ్లేదాన్ని" అన్నారు. మందలింపుగా కాదు. బస్సు తప్పిపోయిన సంగతి చెప్పినట్టు. తర్వాత టీ పెట్టి ఇచ్చారు. తాగి వచ్చేశాను. మళ్లీ వెళ్లలేదు. పండుగలకు మెసేజ్ పెట్టేవాడిని. జవాబు వచ్చేది.

బుధవారం గేటు దగ్గర నిలబడి ఉంటే ఒక అమ్మాయి వచ్చి, "సార్, నేను గుర్తున్నానా? తొమ్మిదో తరగతి" అంది. ఇప్పుడు ఇరవై ఒకటి. గుడివాడలో కళ్లజోళ్ల షాపులో పనిచేస్తోంది. నేను అడక్కుండానే చెప్పింది. ఇంటర్ చదివిన రెండేళ్లూ, ఆ తర్వాతా, టీచరుగారు నెలకోసారి మచిలీపట్నం నుంచి బస్సులో గుడివాడ వచ్చేవారట. సంచిలో ఒక నవల. బస్టాండులో బల్ల మీద కూర్చుని ఇద్దరూ గంటసేపు మాట్లాడుకునేవారు. మేనత్తకు తెలుసు. ఆమే పంపేది.

"గుండె బాగోలేదని డాక్టరు వద్దన్నాక కూడా రెండుసార్లు వచ్చారు సార్. బస్సు మెట్లు దిగలేక కండక్టరు చెయ్యి పట్టుకుని దిగారు. ఏంటి మేడం ఇది అంటే, నీ అభిప్రాయం ఫోన్‌లో సరిగా వినపడదే అన్నారు."

టీచరుగారు నాకు సారీ చెప్పిన సంగతి ఆమెకు చెప్పాను. నేను పర్లేదన్న సంగతి కూడా.

ఆ అమ్మాయి నా వైపు చూసింది. "ఆ నవల్లో లాగే చేశారన్నమాట" అంది. "తప్పు మీది. సారీ మేడంది. మీరేమో పర్లేదన్నారు."

నేను క్షమించమని అడగబోయాను. చెయ్యి అడ్డం పెట్టింది. "నాకొక్కదానికే ఇక్కడ చెప్పేస్తే అయిపోతుందా? పేపర్లో అందరికీ తెలిసేలా రాశారు కదా, అందరూ ఉన్నప్పుడే చెప్పండి." ఈసారి రాయవచ్చా అని అడిగాను. రాసి ముందు తనకు చూపించమంది. చూపించాను. రెండు చోట్ల కొట్టేసింది. ఇక్కడున్నది ఆమె ఉంచమన్నది.

వాళ్ల నాన్న కూడా సమాధి దగ్గరకు వచ్చారు. వచ్చినవాళ్లు కూర్చోవడానికి బల్లలు మోశారు. వెళ్లేటప్పుడు నేనెవరో కూతురు చెబితే నమస్కారం పెట్టారు. నేనూ పెట్టాను.

టీచరుగారి తమ్ముడు ఇంటి తాళాలు ఆ అమ్మాయికిచ్చారు, నవలలు ఎవరికి ఇవ్వాలో చూడమని. ఆమె అప్పటి మిగతా ఆరుగురికీ ఫోన్ చేసింది. నలుగురు వస్తామన్నారు, తనతో అయిదుగురు. ఒకరు హైదరాబాదులో ఉన్నారు, ఒకరు ఫోన్ ఎత్తలేదు. వాళ్ల నాన్నను కూడా పిలిచిందట.

"ఏమన్నారు?" అని అడిగాను.

"'నేనెందుకే అక్కడ' అన్నారు. అన్నం తిన్నాక, 'ఎన్నింటికి' అని అడిగారు."

శనివారం మూడింటికి, ఆ వరండాలోనే. ముందు ఆ అమ్మాయి అప్పటి నవల ఆఖరి అధ్యాయం పైకి చదువుతుంది. తర్వాతి వంతు నాది. వాళ్ల నాన్న వచ్చినా రాకపోయినా, మోపిదేవిలో ఫోన్ ఎత్తి నేను ఏమన్నానో, ఏమని ఉండాల్సిందో ఆ అయిదుగురి ముందూ చెప్పాలి. ఆయన వస్తే, ఆయన వైపు చూస్తూ చెప్పాలి.