బకాసురుడికి పడిన మాల

ఉద్యోగం వచ్చిన కొత్తలో మనిషికి జీతం కంటే ముందు గర్వం చేతికందుతుంది. తిరుపతిలో డిగ్రీ ముగించి శ్రీ సిటీలో ఒక ఫ్యాక్టరీలో చేరిన ఆ రోజుల్లో నా సంగతీ అంతే. పొద్దున్నే వడమాలపేటలో కంపెనీ బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఫోనులో ఇంగ్లీషు మాటలు నేర్చుకునేవాణ్ణి. నేర్చుకున్న మాటను సాయంత్రం లోపల ఎవరో ఒకరి మీద ప్రయోగించకపోతే నాకు అన్నం సయించేది కాదు. మా లైనులో మిగతావాళ్లకు ఇంగ్లీషంటే బెదురు. అందువల్ల మిషన్లు బిగించడానికి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన తెల్లాయనకూ మావాళ్లకూ మధ్య నేనే దుబాసీనయ్యాను. (దుబాసీకి రెండు భాషలూ రావాలన్న నియమం అప్పటికి నాకెవరూ చెప్పలేదు.)

మా ఊళ్లో ప్రతి ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం జరుగుతుంది. మధ్యాహ్నాలు హరికథ, రాత్రుళ్లు నాటకం. వాటి మధ్యలో పట్టపగలు జరిగే బకాసుర వధకు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలి వస్తాయి. అన్నం, గుమ్మడికాయ కూర, వడలు నింపిన ఎద్దుల బండి మీద భీముడు కూర్చుని, తింటూ, జనం మీదికి విసురుతూ ఊరంతా తిరిగి, చివరికి బకాసురుణ్ణి చంపుతాడు. ఆ భీముడు మా మామ, అంటే మా అమ్మ తమ్ముడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ భీముడంటే ఆయనే. ఆ ఏడు మోకాళ్లు మొరాయించడంతో, ఇదే ఆఖరుసారి, వచ్చే ఏటికి ఇంకెవరినైనా చూసుకోండని పెద్దలకు చెప్పేశాడు. అది విని, మా తెల్లాయనను పిలిచి మామకు మాల వేయిస్తానని నేనే ఎగబడి మాటిచ్చాను. మామ ఆ మాట పైకి పట్టించుకోనట్టే ఉన్నాడు కానీ, పుత్తూరు దాకా ఉన్న బంధువులందరికీ ఫోన్లు చేసి చెప్పాడని తరవాత తెలిసింది.

కారులో వస్తూ తెల్లాయన కథేమిటని అడిగాడు. ఆ వారమే నేను ‘డెమీగాడ్’ అనే మాట నేర్చుకుని ఉన్నాను. నేర్చుకున్నానంటే, చూశాను. డెమన్ అంటే రాక్షసుడని బడి రోజుల నుంచే తెలుసు. ఆ డెమన్‌లో ముందు సగానికి గాడ్‌ను అతికించారు కాబట్టి, తపస్సు చేసి వరాలు పొంది దేవుళ్లంత బలిసిన రాక్షసుడని నాకు నేనే అర్థం చెప్పుకున్నాను. మన రాక్షసుల్లో చాలామంది అలాంటివాళ్లే కదా! అందుకని, ఇందులో ఇద్దరున్నారు సార్, ఒకడు భీముడు, మంచి బలశాలి, తిండి మాత్రం మితిమీరి తింటాడు, రెండోవాడు బకాసురుడు, డెమీగాడ్, ఊరివాళ్లు రోజూ బండెడు అన్నం పంపిస్తారు అని వివరించాను. బండితో పాటు ఒక మనిషిని కూడా పంపుతారని, వాణ్ణి కూడా తినేస్తాడని మాత్రం చెప్పలేదు. పరాయి దేశపు మనిషి, మా ఊరి గురించి ఏమనుకుంటాడోనని వెనకాడాను. ఆయన శ్రద్ధగా తల ఊపాడు.

గుడి ముందు వేషగాళ్లిద్దరూ సిద్ధంగా నిలబడి ఉన్నారు. మామ పొట్టకు గుడ్డలు చుట్టుకుని, కిరీటం పెట్టుకుని, గద పట్టుకుని మాల కోసం మెడ కొంచెం ముందుకు వంచి ఉన్నాడు. పక్కన బకాసురుడు. ఆ వేషం వేసేది రేణిగుంటలో లారీ తోలే మనిషి, బొజ్జన్న అంటారు. గుడిపెద్ద మల్లెల మాల తెల్లాయన చేతికిచ్చి, భీమునికి వేయమని చెప్పప్పా అన్నాడు నాతో. పేరు చెబితే చాలు, కానీ నా ఇంగ్లీషు ఊరుకుంటుందా? ఆ మహానుభావుడికి వేయండి సార్ అని గంభీరంగా తర్జుమా చేశాను.

తెల్లాయన బూట్లు విప్పాడు. నేరుగా వెళ్లి బొజ్జన్న మెడలో మాల వేసి, వంగి నమస్కారం పెట్టాడు. బొజ్జన్న నోటినిండా అట్ట కోరలున్నాయి, వద్దని చెప్పడానికి లేదు. ఏంచేయాలో తోచక చెయ్యెత్తి దీవించాడు. జనం గొల్లున నవ్వారు. మామ ముందుకు వంచిన మెడను మెల్లగా నిటారుగా చేసుకుని, ఎవరివైపూ చూడకుండా వెళ్లి బండెక్కాడు. నేను కూడా జనంతో పాటు నవ్వాను. అది ఇప్పటికీ మింగుడు పడదు.

బండి ఊరు తిరుగుతున్నంతసేపూ తెల్లాయన ముఖం ముడుచుకునే ఉంది. దేవుడికి పెట్టిన అన్నాన్ని ఈ మనిషి దారిపొడవునా తినేస్తున్నాడేమిటని ఒకసారి అడిగాడు. తినాలి సార్, అదే కథ అన్నాను. చివరికి మామ గద ఎత్తి బకాసురుణ్ణి పడగొట్టగానే జనమంతా ఈలలు వేశారు. తెల్లాయన మాత్రం నా భుజం పట్టుకుని, మీ దేవుణ్ణి మీరే ఎందుకు చంపుకున్నారు అని అడిగాడు.

దేవుడు కాదు సార్, డెమీగాడ్ అన్నాను. అదే కదా నేనూ అంటున్నది అన్నాడాయన. ఆపైన బండి చాటుకు తీసుకెళ్లి నిదానంగా విడమరిచి చెప్పాడు. డెమీగాడ్ అంటే దేవుడికీ మనిషికీ పుట్టినవాడట. మీ కథలో అలాంటివాడు ఎవరైనా ఉన్నాడా అని అడిగాడు. వాయుదేవుడికీ కుంతికీ పుట్టిన భీముడి పేరే చెప్పాల్సి వచ్చింది. మరి ఆ రెండోవాడు అన్నాడు. మనుషుల్ని తింటాడని అప్పుడు చెప్పాను. ఆయన కళ్లు మూసుకుని, అలాంటివాణ్ణి ఓగర్ అంటాం అన్నాడు. అంత చిన్న మాట!

ఆయన అంతటితో వదల్లేదు, మామ దగ్గరికి తీసుకెళ్లమన్నాడు. మామ ఇంటి వసారాలో రంగు కడుక్కుని, పొట్ట గుడ్డలు విప్పేసి, మోకాలికి నూనె రాసుకుంటున్నాడు. వేషం లేని భీముడు ఇంత బక్కమనిషి అని తెల్లాయన అనుకోలేదు. గుర్తుపట్టి, చేతులు పట్టుకుని, తప్పు జరిగిందని, క్షమించమని చాలాసేపు మాట్లాడాడు.

“ఏమంటాడురా?” అన్నాడు మామ.

“నువ్వు బాగా ఆడినావంట మామా.”

మామ తెల్లాయన ముఖం చూశాడు, తరవాత నా ముఖం చూశాడు.

“ఆయన కండ్లు సూస్తే అట్ల లేదే. ఉన్నది ఉన్నట్టు చెప్పు.”

చెప్పాను. నా తప్పుకు వేరొకాయన అడిగిన క్షమాపణను నా నోటితోనే తెలుగు చేయాల్సి వచ్చింది. ఆ మాటలకు మాత్రం ఫోనులో వెతుక్కోవలసిన అవసరం రాలేదు. మామ అంతా విని, నూనె గిన్నె పక్కకు జరిపాడు.

“ఇన్నేండ్లుగా వాన్ని సంపుతా వచ్చినాను. వాని మీద కోపం వచ్చింది ఈ పొద్దేరా” అన్నాడు. తరవాత తెల్లాయనకు మజ్జిగ ఇమ్మని లోపలికి కేకేశాడు. నన్ను తాగమనలేదు.

మరుసటి ఏడు భీముడి వేషం మామ పెద్దకొడుకు కట్టాడు. నేను జనంలో వెనక నిలబడ్డాను. బండి కదిలే ముందు బొజ్జన్న గుడిపెద్ద దగ్గరికొచ్చి, పోయినేడు మాల వేసినారు, ఈ ఏడు వేయకపోతే అపశకునం గదప్పా అని పేచీ పెట్టాడు. శుభమా అని భారతం జరుగుతుంటే గొడవెందుకని వేశారు. ఆ పై ఏడు అడగకుండానే వేశారు. ఇప్పుడు బకాసురుడి మాల కోసం ఒక ఇంటివాళ్లు మొక్కుకుని మరీ మల్లెలు తెస్తున్నారు.

మొన్నటి భారతంలో మామ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తిరుపతి నుంచి వచ్చిన ఒకావిడ, రాక్షసుడికి మాలేమిటని గుడిపెద్దను అడిగింది. ఆయన ఏమాత్రం తడుముకోలేదు.

“సావబోయేవానికి గూడా మర్యాద చేసి పంపాలమ్మా. తాతల నాటి నుంచి మా ఊరి ఆచారం ఇది.”

ఆవిడ చేతులు జోడించింది. డెమీగాడ్, ఓగర్, డెమన్, అన్నిటికీ అర్థాలు ఇప్పుడు నాకు క్షుణ్ణంగా తెలుసు. నోరు మాత్రం మెదపలేదు. మామ నావైపు ఓరగా చూసి, కండువా అంచు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. దాని వెనక ఉన్నది నవ్వేనని నా నమ్మకం. జరిపి చూసే ధైర్యం మాత్రం ఇంకా రాలేదు.