మామ ఎంచిన గిరక

మా మేనమామ పోయాడు. పోయి తొమ్మిది రోజులైందని నిన్న నాగర్‌కర్నూల్ సంతలో మా ఊరి బండివాడు చెప్పాడు. ఇక్కడి కచ్చేరిలో కలం పట్టుకుని కూర్చునే నాకు కబురు పంపాలని ఇంట్లో ఎవరికీ తోచలేదట. వాళ్లను తప్పుపట్టను. ఆయన చావుకు పిలిపించుకునే అర్హత నేను ఏనాడో పోగొట్టుకున్నాను. ఎట్లా పోగొట్టుకున్నానో చెప్పుకుందామనే ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మంచివాడు, మెత్తనివాడు అని రాస్తే ఆయనే లేచొచ్చి నా చెంప పగలగొడతాడు. నోరు విప్పితే బూతు. గద్వాల దగ్గర కృష్ణ ఒడ్డున మా ఊరు. అక్కడి జాగీరు దొరకు మామ పుట్టి నడిపేవాడు. వెదురు బుట్టకు తోలు తొడిగి తారు పూసిన గుండ్రటి పడవ అది. పేరుకు దొరదే గాని, ముప్పై ఏళ్లుగా దాని మీద చెయ్యి వేసింది మామ ఒక్కడే. ఎండాకాలం తారు పూసే నాలుగు రోజులు మా అత్తను కూడా దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఒకసారి చెప్పులతో అందులో కాలు పెట్టానని నన్ను మెడబట్టి నీళ్లలోకి తోశాడు. నేను మునిగి తేలుతుంటే, "ఇది నీ కచ్చేరి గాదు బిడ్డా, నా ఇల్లు" అన్నాడు తాపీగా.

అప్పుడు నేను దొర దగ్గర గుమాస్తాను. ఆ నౌకరీ ఇప్పించిందీ మామే. మా బెస్తవాళ్లలో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. "మా అల్లుడు ఇంగ్లీషు గూడ సదువుతడు దొరా, నీ బాంచెన్" అంటూ పొద్దున్నుంచి మాపటిదాకా దొర గడప ముందు కూర్చుని నన్ను కుదిర్చాడు. ఎవరి ముందూ తల వంచని మనిషి నా కోసం ఆ ఒక్క పూటా వంచాడు.

దొరకు చేపల పిచ్చి. నది నడుమ నల్లగుండు అని ఒక బండ ఉంది. దాని అవతల లోతు మడుగు, అందులో మనిషంత వాలుగలు. దొర పాత గాలం అక్కడిదాకా పోయేది కాదు. అందుకని మామ గాలం కొసను పుట్టిలో తీసుకుపోయి మడుగులో వదిలి వచ్చేవాడు. దొర ఒడ్డున గొడుగు కింద కూర్చుని లాగేవాడు. చేప పడితే దొర పట్టినట్టు, పడకపోతే మామ చెడగొట్టినట్టు.

ఒక ఏడు వేటకొచ్చిన తెల్లదొర ఒకాయన చేపల సామాన్ల పుస్తకం వదిలిపోయాడు. దొర దాన్ని నా ముందు పడేసి చదవమన్నాడు. నా ఇంగ్లీషు చూపించుకునే రోజు వచ్చిందని నేను పొంగిపోయాను. గాలపు కట్టెకు తగిలించి దారం చుట్టే కొత్త గిరకల బొమ్మలున్నాయి అందులో. "ఒడ్డున నిలబడే నది నడిమికి విసరొచ్చు దొరా, ఇగ పుట్టితో పనే ఉండదు" అని చెప్పాను. ఆ చివరి మాట పుస్తకంలో లేదు. నేనే కలిపాను.

దొర కళ్లు మెరిశాయి. "మూడు రకాలు తెప్పియ్యి. ఏది మంచిదో నీ మామ తేలుస్తడు. గాలం సంగతి వానికన్న ఎవనికి తెల్సు?" అన్నాడు. నా మామకు దక్కిన గౌరవమనుకుని మురిసిపోయాను. అంత చదివినా అంత తెలివితక్కువవాణ్ణి నేను.

మద్రాసు నుంచి గద్వాల స్టేషనుకు పార్సెలు దిగాక గాని నాకు బుద్ధి రాలేదు. పరుగున మామ దగ్గరికి పోయాను.

"మామా, రేపు దేన్నీ మెచ్చుకోకు. ఇసిరేటప్పుడు దారం మీద జర ఏలు ఆనిస్తే సాలు, నల్లగుండుకు ఇవతల్నే పడ్తది. దొరకు తెల్వదు."

మామ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "పుట్టి మీద నీకు పాణం ఎప్పటిసంది వచ్చెరా?" అన్నాడు. నేను చేసిన నిర్వాకం ఆయన చెవిన పడిందన్నమాట.

మర్నాడు ఒడ్డున మంది పోగయ్యారు. మొదటిది పళ్లెమంత కొయ్య గిరక. విసిరాక దాన్ని బొటనవేలితో ఆపాలి. నాలుగు విసుర్లకే మామ వేలి తోలు ఊడింది. దొర పకపకా నవ్వాడు. రెండోది ఇత్తడిది, లోపల పళ్ల చక్రాలు. అది దారం కన్నా ముందు పరిగెత్తి పట్టుదారమంతా చిక్కు చేసింది. ఆ చిక్కును నెత్తురోడే వేలితోనే విప్పమన్నాడు దొర. గంటసేపు మామ విప్పుతూంటే దొర మామిడిపండు తిన్నాడు.

మూడోది వింతది. దారం చుట్టిన భాగం తిరగనే తిరగదు, దాని అంచు మీది నుంచి దారం జారిపోతుంది. మామ దాని పిడి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు. మొదటిసారి ఆయన ముఖం విప్పారింది. విసిరాడు. సీసపు గుండు నల్లగుండు దాటి మడుగు నడుమ పడింది. వేలు ఆనించలేదు.

"ఏదిరా మంచిది?" అన్నాడు దొర.

"మూడోది దొరా. మిగిలిన రెండూ దీని కాలిగోటికి సాలవు."

నేను మామను పక్కకు లాగి తిట్టాను. మామ విసుక్కున్నాడు. "గిర్క పోతనంటుంటే నేనెట్ల ఆపుతరా?"

ఆ గిరకతోనే దొర ఆ పూట పెద్ద వాలుగను లాగాడు. అక్కడే వండించమన్నాడు. మధ్యాహ్నం జల్లు పడి కట్టెలన్నీ తడిశాయి, పొయ్యి అంటుకోవడం లేదు. దొర చుట్టూ చూశాడు.

"ఆ పుట్టి ఉన్నది గద, తారు పూసింది. మంచిగ మండుతది. ఇగ దాంతోని పనేంది? ఏమిరా గుమాస్తా, నువ్వే చెప్తివి గద!"

మామ దొర వంక చూడలేదు. నా వంక చూశాడు. తర్వాత పోయి పుట్టిని బోర్లించి, తోలు కోసి, వెదుళ్లను మోకాలికి ఆనించి ఒక్కొక్కటే విరిచాడు. తనే మంట పెట్టాడు. తనే చేపను కాల్చి మోదుగాకులో నా ముందు పెట్టాడు.

"తిను అల్లుడా. నీ సదువు తెచ్చిన చేప."

దొర చూస్తున్నాడు. తిన్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ చేప రుచిగా ఉంది.

పుట్టి లేని పుట్టివాడికి దొర దగ్గర పనేముంటుంది? మామ కూలీల గుంపులో కలిసి వడ్డేపల్లి అవతల చెరువుకట్ట మట్టిపనికి పోయాడు. నేను సర్కారు నౌకరీ సంపాదించుకుని నాగర్‌కర్నూల్ చేరాను. మూడేళ్ల తర్వాత ఏదో దస్త్రం పని మీద ఆ కట్ట దగ్గరికే పోవలసి వచ్చింది. మామ కనిపించాడు. ఎముకల మీద తోలు మిగిలింది. నేను ఎట్లున్నానని అడగలేదు, నా పిల్లల్ని అడగలేదు.

"మూడో గిర్క ఎట్లున్నదిరా? నూనె గిట్ల ఏస్తుండ్రా?" అన్నాడు.

బాగుంది మామా అంటే నాదేం పోయేది? ఒక్క అబద్ధం. బతుకంతా ఎన్ని ఆడలేదు నేను! కాని ఆయన గొంతులో ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్లు మండింది. తిట్టవలసినవాడు తిట్టకుండా గిరక క్షేమం అడుగుతాడేమిటని.

"ఏం గిర్క మామా! రెండు నెలలకే దొరకు మొకం మొత్తింది. మోటారు కొన్నడు, చేపల్ని మర్సిండు. నీ గిర్కను ఆయన మనవడు నేలకేసి కొట్టి పలగ్గొట్టిండు."

 మామ నోటి నుంచి ఈసారి బూతు కూడా రాలేదు. తర్వాత వంగి చుట్టబట్ట నెత్తిన సర్దుకున్నాడు.

"తట్ట ఎత్తురా" అన్నాడు.

తడిమట్టి తట్ట. రెండు చేతులా ఎత్తి ఆయన నెత్తిన పెట్టాను. మెడ కుంగింది, కాళ్లు ఒకసారి వణికి నిలదొక్కుకున్నాయి. చేతులకంటిన మట్టి దులుపుకుని నేను తలెత్తేసరికి, కట్ట మీదికి ఎక్కుతున్న అన్ని వీపుల్లో మా మామ వీపు ఏదో నాకు తెలియలేదు.