బొగ్గుల గుంట, చేపల పులుసు

చిట్టమూరు పక్క పల్లెలో నేను మూడు నెలలు బొగ్గు పూడ్చే ఉద్యోగం చేశాను. నవ్వకండి, నియామక పత్రంలో దానికి గొప్ప పేరే ఉంది. ఎక్కడో ఫ్యాక్టరీల వాళ్ళు పొగ వదులుతారు. ఆ పాపం కడిగే పని మా కంపెనీకి అప్పజెబుతారు. మేము సర్కారు తుమ్మ నరికించి, డ్రముల్లో కాల్చి బొగ్గు చేసి, పొడికొట్టి పొలాల్లో కలుపుతాం. ఆ బొగ్గు మట్టిలో ఉన్నంతకాలం మళ్ళీ పొగై గాలిలోకి పోదు. మా వ్యాపారమంతా ఇంతే.

మూడో నెలాఖరులో, మట్టిలో బొగ్గు ఉందో లేదో చూసే తనిఖీ. గట్టెక్కితే ఉద్యోగం ఖాయం, లేకపోతే గోవిందా! సరిగ్గా అప్పుడే వాన పట్టుకుంది. పొడికొట్టే వీల్లేక, నేను అద్దెకున్న ఇంటి అక్క పొలంలో పెద్ద గుంట తీయించి, బొగ్గంతా టార్పాలిన్ పట్టలో చుట్టి పూడ్పించాను. వాన నాలుగు రోజులు వదల్లేదు. తనిఖీకి ముందురోజు పొద్దున అక్కతో అన్నాను.

"అక్కా, రేపు చెన్నై నుంచి పెద్దాయన వస్తాడు. చేపల పులుసు పెట్టాల. ఏ లోటూ రాకూడదు."

"నువ్వు చెప్పాల్నా అబ్బయా? పులుసంటే ముందురోజే దించాల గదా!"

మర్నాడు ఎండ కాసింది. తనిఖీ ఆయన వచ్చి, భోజనానికి కూర్చుని, పులుసు మూడోసారి వేయించుకున్నాడు. ఇంత రుచి ఎలా వచ్చిందమ్మా అని అక్కని అడిగాడు.

"బొగ్గుల మీద సన్నసెగన ఉడికింది సార్. కట్టెలన్నీ తడిసిపొయ్యె. గ్యాసు మీద చేస్తే అదీ ఒక పులుసేనా?"

నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"ఏం బొగ్గులక్కా?"

"నువ్వు పట్టలో చుట్టి దాచినావే, అయ్యే! వానలో పొయ్యిలకి పనికొస్తాయని ఎంత ముందుచూపు నీకు! వీధిలో అందరికీ తలా నాలుగు గంపలు తీసకపొమ్మన్నా. నీ పేరు చెప్పుకోని వండుకున్నారు."

పొలానికి పోయి తవ్వించాం. మడిచి పెట్టిన పట్ట ఉంది, దాని మీద ఒక కప్ప ఉంది. తనిఖీ ఆయన తేన్చాడు. బొగ్గు లేదని కాగితం మీద రాసుకున్నాడు.

"సార్, మీరూ మూడుసార్లు తిన్నారు కదా!" అన్నాను, సిగ్గు విడిచి.

"తినడం తినడమే, రాయడం రాయడమే," అన్నాడు.

వారానికి నన్ను మానుకోమని ఉత్తరం వచ్చింది. పెట్టె సర్దుకుంటూ అక్క మీద అరిచాను. అంత బొగ్గు ఎవరన్నా పొయ్యిలో పెట్టుకోడానికి పూడుస్తారా అని నెత్తి బాదుకున్నాను. పొగ సంగతీ, ఫ్యాక్టరీల సంగతీ, నా ఉద్యోగం సంగతీ అప్పుడు చెప్పాను. మూడు నెలలు ఆమె చేతి అన్నం తిన్నాను, అంతకు ముందు ఒక్క ముక్క చెప్పలేదు.

అక్క గడపలో కూలబడింది.

"చెప్పుంటే ఆ గుంట మీదే మంచమేసుకోని పడుకోనుందును గదా, అబ్బయా!"