రెండు సంతలు దాటేదాకా

మా ఊరి మొదట్లో రోడ్డుకి అటొకటి ఇటొకటి రెండు పంగల కర్రలు ఏడాది పొడుగునా పాతే ఉంటాయి. చైత్రమాసంలో విత్తనాలకి పూజ చేసే ఇటుకల పండగ వచ్చిందంటే వాటి మీద అడ్డంగా పెద్ద వెదురు వాసం పెడతాం. మగవాళ్ళు వేటకని అడవిలోకి పోతే ఆడవాళ్ళం రోడ్డు మీద కాపు కాస్తాం. బొర్రా గుహలు చూడ్డానికొచ్చే కార్లనీ వ్యాన్లనీ ఆపి, పండగ డబ్బులు ఇచ్చేదాకా వాసం ఎత్తం. పాడతాం, ఆడతాం, ఇవ్వనన్నవాళ్ళని ఏడిపిస్తాం. నేను కోడలిగా వచ్చిన ఏడాది ఒక పెద్దమనిషి కారు అద్దం దించకుండా బిగుసుకుని కూర్చుంటే, "ఉండిపో బాబూ, మా ఊర్లో పసులు కాసీవోడు లేడు," అన్నాను. పక్కనున్న అతని భార్య పడీ పడీ నవ్వి, ఆవిడే డబ్బులు తీసి ఇచ్చింది. నోరున్న కోడలని నాకు పేరొచ్చింది ఆ రోజే.

కరోనా వచ్చిన ఏడాది అదే వాసం నా ముందు అడ్డంగా పెట్టారు.

అప్పటికి నేను అరకులో ఒక లాడ్జిలో రిసెప్షన్ బల్ల దగ్గర పనిచేసేదాన్ని. వారానికోసారి ఊరికి వెళ్ళొచ్చేదాన్ని. మూడేళ్ళు నిండిన కూతురుంది మాకు. మా వైపు ఆడపిల్లని గుంట అంటాం. అత్త దగ్గర ఉండేది. నేను వెళ్ళిన రాత్రి నా చెవి తమ్మె పట్టుకుని గాని పడుకునేది కాదు. తెల్లారి దాని వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి, చప్పుడు కాకుండా లేచి జీపెక్కేదాన్ని.

బళ్ళన్నీ ఆగిపోయిన రోజు లాడ్జి ఓనరు ఫోన్ చేసి, "మీరిద్దరూ అక్కడే ఉండండమ్మా, రేపో మాపో తెరుస్తారు," అన్నాడు. ఇద్దరమంటే నేనూ, వంటామె. ఆ రేపూ రాలేదు, మాపూ రాలేదు. నాకు ఒకచోట కుదురుగా కూర్చోవడం చిన్నప్పట్నుంచీ చేతకాదు. తుడిచిన బల్లనే తుడిచాను. గదుల తాళాలన్నీ మేకుల నుంచి తీసి, మళ్ళీ వాటికే తగిలించాను. ఖాళీ మంచాల మీద దుప్పట్లు ఉతికి ఆరేసి మడతపెట్టి, రెండో రోజు మళ్ళీ ఉతికితే వంటామె దండం పెట్టింది. "తల్లీ, నువ్వు కూకోవు, నన్ను కూకోనివ్వవు," అంది. మా ఊళ్ళో సిగ్నల్ ఒక బండ మీద ఎక్కితేనే వస్తుంది. మా ఆయన అప్పుడప్పుడూ ఆ బండెక్కి ఫోన్ చేసేవాడు. మా గుంట ఫోన్లో మాట్లాడేది కాదు, ఊపిరి మాత్రం వినపడేది. ఒకరోజు ఆయన నవ్వుతూ చెప్పాడు, "మీ అమ్మేదే అంటే ఫోన్లో ఉందంటోంది," అని. ఆయనకి నవ్వులాటగానే ఉంది. నాకు కాదు. ఇంకొన్నాళ్ళుంటే నన్ను పూర్తిగా మరిచిపోతుందని భయం పట్టుకుంది. మర్నాడు వెలుగు రాకముందే సంచీ భుజాన వేసుకుని నడక మొదలుపెట్టాను.

ఘాట్ రోడ్డు మీద మనిషి పొడ లేదు. కాఫీ తోటల్లో అలికిడి లేదు. లోయ అవతల ఇనుప రాయి మోసే గూడ్సు బళ్ళు మాత్రం మామూలుగా పోతున్నాయి. ఇనుప రాయికి లేని అడ్డు నాకేమిటని ఒళ్ళు మండింది. చెప్పు తెగితే చేత్తో పట్టుకుని నడిచాను. పొద్దు వాలేవేళకి ఊరి మొదట్లోకి వచ్చి చూస్తే, పంగల కర్రల మీద వాసం. దాని కింద ముళ్ళకంప. వేపమండలు. ఒక బకెట్, దాని మీద సబ్బుబిళ్ళ. ముఖాలకి తువ్వాళ్ళు చుట్టుకుని నలుగురు మగవాళ్ళు. వాళ్ళలో ఒకడు, "ఆగు, ఆగు, దగ్గిరికి రాకు," అని చెయ్యి అడ్డం పెట్టాడు. గొంతు విన్నాక గాని నా మొగుడని తెలియలేదు.

"మావా, నేనే," అన్నాను.

"నువ్వేనని తెల్సు. అక్కడే ఉండు," అన్నాడు. నా కళ్ళలోకి చూడకుండా, నా చేతిలో ఉన్న తెగిన చెప్పుని చూస్తూ అన్నాడు.

ఊరి పెద్ద వచ్చాడు. వరసకి నాకు తాత. "కోపం తెచ్చుకోకమ్మా. ఎవులొచ్చినా ఇదే లెక్క. మీ చోడి సేను మీద పాకుంది కదా, అక్కడుండు. రెండు సంతలు దాటితే ఇంటికెల్దువు," అన్నాడు.

మా వైపు రోజులు వారం సంతల్ని బట్టే లెక్క. సంత ముందురోజు, సంత మర్నాడు అంటాం గాని సోమవారం, బుధవారం ఎవరికి కావాలి?

"సంతలే మూసేశారు కదా తాతా! జరగని సంత ఎలా దాటుద్ది?" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించాడు. "జరిగినట్టే అనుకోవాల," అన్నాడు.

అప్పటికి మా అత్త వచ్చి వాసం అవతల నిలబడింది. గుంట ఆమె చీర వెనకాల ఉంది. ఒక కన్ను మాత్రం కనిపిస్తోంది. నేను పేరు పెట్టి పిలిస్తే ఆ కన్ను కూడా దాక్కుంది. దాంతో నా నోటికి తాళం ఊడిపోయింది. ఊరందరినీ కడిగేశాను. "నువ్వు గుహల దగ్గర టూరిస్టులకి మొక్కజొన్న కండెలమ్మలేదా అత్తా? ఆల్ల చేతి డబ్బులు ముట్టలేదా? నేనొక్కదాన్నే రోగమోసుకొచ్చానా?" అని అడిగాను.

"అమ్మానే. అందుకే భయం," అంది అత్త. "నువ్వు మాటకి మాటంటే రోగం పోద్దేటి? బేగి ఎల్లు, పాకలోకి పాములొత్తాయి, వెలుగుండగా తుడుసుకో."

నాలుగు కసర్లు కసిరి, చెప్పు రోడ్డు మీద విసిరేసి పాక వైపు ఎక్కాను. తర్వాత ఆ చెప్పు కుట్టించి ఉంచాడు మా ఆయన. ఆ సంగతి వేరు.

ఆ పాక చోళ్ళు, అదే రాగులు, పండే రోజుల్లో కాపలాకి వేసుకున్నది. కప్పు గడ్డి సగం ఎగిరిపోయింది. ఏటవాలుగా కిందికి చూస్తే మా ఇంటి వాకిలి అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. కనిపించకపోయినా బాగుండేదేమో. వాకిట్లో ఎవరు కదిలినా నేను ఇక్కణ్ణుంచి అరిచేదాన్ని. "అత్తా, గుంట నూతి వైపు పోతంది!" "మావా, ఆ కత్తి పైన పెట్టు!" "దాని జుట్టు ఎవులు దువ్వారు, అలాగేనా?" కింద నుంచి మా ఆయన, "మైకెట్టిస్తాను, కొండంతా వినపడుద్ది," అని అరిచాడు. పాక చుట్టూ తిరిగి తిరిగి బాట పడింది. చేసే పని లేక రాళ్ళు ఏరి కుప్ప పోశాను, ఆ కుప్ప ఇటు బాగోలేదని అటు మార్చాను.

పాకకీ ఇంటికీ మధ్యలో, పనసచెట్టు పైన, ఒక చదును బండ ఉంది. పొద్దునా సాయంత్రమూ అత్త ఆనపబుర్రలో, ఎండిన సొరకాయ డొల్లలో, చోడి అంబలి తెచ్చి ఆ బండ మీద పెట్టేది. "పెట్టాను. ఎనక్కెల్లిపోతన్నాను," అని పనసచెట్టు దాకా దిగి, "ఇప్పుడు తీసుకో," అని కేక వేసేది. అప్పుడు నేను దిగి తీసుకోవాలి. గుంట కూడా అత్త వెంట వచ్చేది. మొదట్లో చెట్టు చాటున ఉండి చూసేది. రెండు మూడు రోజులకి బయటికొచ్చింది. తర్వాత, "ఎనక్కెల్లిపోతన్నాను," అనే మాట అత్తకంటే ముందు అదే అనేది. నేను ఆనపబుర్ర ఎత్తి చూపిస్తే చప్పట్లు కొట్టేది. ఒకరోజు వాకిట్లో కోడిపెట్ట ముందు ఆకులో చోళ్ళు పెట్టి, వెనక్కి నడిచి, "ఇప్పుడు తీసుకో," అని దాన్ని గదమాయిస్తుంటే పైనుంచి చూసి కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. నన్ను మరిచిపోలేదు, అంతే చాలు అనుకున్నాను.

పండగ ఆ ఏడాది డప్పు లేకుండా జరిగింది. విత్తనాలకి పూజ చేసి ఊరుకున్నారు. రోడ్డు మీద ఆపడానికి బండి లేదు, ఆడడానికి చేతులు పట్టుకోకూడదు. ఆ మధ్యాహ్నమే ఉరుములతో పెద్ద వాన పడింది. కప్పు కారి నేనూ నా దుప్పటీ తడిసి ముద్దయ్యాం. తెల్లారేసరికి గొంతు నొప్పి. మధ్యాహ్నానికి ఒళ్ళు కాలుతోంది. దగ్గు వస్తే నోరు మూసుకుని మింగేశాను, ఎవరో వింటున్నట్టు.

వానజ్వరమే అని నాకు నేను చెప్పుకున్నాను. కానీ లాడ్జిలో చివరిగా దిగిన జంట గుర్తొచ్చింది. ఆ మగమనిషి రాత్రంతా దగ్గాడు. వాళ్ళ గది దుప్పట్లు నేనే ఉతికాను. ఒకవేళ ఊరివాళ్ళ మాటే నిజమైతే? ఆ వాసం దాటి వెళ్ళి, నా చెవి దాని చేతికిచ్చి పడుకుని ఉంటే?

సాయంత్రం అత్త పనసచెట్టు దగ్గరికి రాగానే, "అత్తా, నాకు జొరం. గుంటని తేకు," అని అరిచాను. అప్పటికే తెచ్చింది. అది ఆ రోజు ఏ హుషారులో ఉందో, అత్త చెయ్యి విడిపించుకుని, "అమ్మా!" అంటూ బండ పక్కనుంచి నేరుగా పైకి పరుగెత్తుకొచ్చింది. ఫోన్లో రాని మాట. అన్నాళ్ళుగా వినడానికి నడిచొచ్చిన మాట.

పాక పక్కనున్న కట్టెల్లోంచి ఒక కర్ర లాగాను. దాన్ని నాకూ దానికీ మధ్య అడ్డంగా పట్టుకుని, "రాకు! అక్కడే ఉండు!" అని అరిచాను. నా గొంతు నాకే వేరెవరిదోలా వినిపించింది. అది ఆగలేదు. కర్రతో నేలని గట్టిగా కొట్టాను. అప్పుడు ఆగింది. ఆగడంలో కాలు జారి పడింది. మోకాలు చీరుకుని రక్తం వచ్చింది. ఏడుస్తూ, లేవకుండా, రెండు చేతులూ నా వైపు చాపింది.

అత్తకి మోకాళ్ళ నొప్పులు. వాలు ఎక్కి రావడానికి చాలాసేపు పట్టింది. అంతసేపూ ఆ కర్ర పట్టుకుని నిలబడ్డాను. అది ఏడుస్తోంది, నేను ఏడుస్తున్నాను. నోరున్న కోడలికి ఒక్క మాట రాలేదు.

"మంచి పని సేసావే," అంది అత్త, దాన్ని ఎత్తుకుంటూ. ఆమె కూడా ఏడుస్తోంది.

జ్వరం రెండు రోజుల్లో దిగిపోయింది. వానజ్వరమే. అయినా ఊరి పెద్ద కింద నుంచి కేకేసి, "ఇంకో సంత అవ్వాల," అన్నాడు. ఈసారి నేను పోట్లాడలేదు. గుంట మళ్ళీ బండ దగ్గరికి రాలేదు. వాకిట్లో నాకు వీపు పెట్టి ఆడుకునేది. పేరు పెట్టి పిలిస్తే ఆట ఆపేది గాని తిరిగేది కాదు. మా ఆయన దాన్ని భుజాన ఎక్కించుకుని నా వైపు తిప్పితే, కళ్ళు మూసుకునేది. అన్నం తిందో లేదో అడిగితే తిందని చెప్పేవారు. నేను పాకలో ఒక మూల ముడుచుకుని కూర్చుండిపోయాను. తిరగడానికి కూడా బుద్ధి పుట్టలేదు.

లేని సంతలన్నీ దాటాక ఒక పొద్దున్న వాసం పక్కకి తీశారు. అత్త వేపాకూ పసుపూ వేసి కాచిన నీళ్ళు నా నెత్తి మీద కుమ్మరించింది. వాకిట్లోకి నలుగురు ఆడవాళ్ళు వచ్చి, "పండగ డబ్బులియ్యనిదే ఊర్లోకి ఎలా వచ్చావే?" అని ఆటపట్టించారు. నవ్వాను గాని నా కళ్ళు గడప మీదే ఉన్నాయి. గుంట లోపల నిలబడి ఉంది. మోకాలి మీద పక్కు ఇంకా ఉంది. రెండు చేతులూ చాచాను. అది లోపలికి పరుగెత్తింది.

సిగ్గేమో అనుకున్నాను. పొయ్యి దగ్గర నుంచి ఒక కట్టె ఈడ్చుకొచ్చి గడప మీద అడ్డంగా పెట్టింది.

"అక్కడే ఉండు," అంది.

మా ఆయన నవ్వేశాడు. "పండగ డబ్బులు అడుగుతోంది, ఇచ్చెయ్," అన్నాడు. ఆడవాళ్ళూ నవ్వారు. నేను కొంగు ముడి విప్పి ఒక రూపాయి బిళ్ళ చూపించాను. అది చూడనైనా చూడలేదు. మళ్ళీ లోపలికెళ్ళి, ఆనపబుర్రని రెండు చేతులా కావలించుకుని, అంబలి గౌను మీద ఒలికించుకుంటూ మోసుకొచ్చింది. కట్టెకి ఇవతల, నా వైపు పెట్టింది.

"పెట్టాను. ఎనక్కెల్లిపోతన్నాను," అని గోడ దాకా వెనక్కి నడిచి, వీపు గోడకి ఆనించి నిలబడింది. "ఇప్పుడు తీసుకో."

అత్త, "ఓలమ్మో," అంటూ వంగి కట్టె తీయబోయింది.

"ఉండనీ అత్తా," అన్నాను.

బుర్ర అందుకుని గడప బయట కూర్చున్నాను. చివరి చుక్క దాకా తాగాను. అది కదలకుండా నన్నే చూసింది.

"జొరం పోయిందా?" అని అడిగింది.

"పోయిందమ్మా."

"దగ్గు?"

"అదీ లేదు."

అది కాసేపు ఆలోచించింది, అచ్చం ఊరి పెద్దలాగా. "ఇంకో సంత అవ్వాల," అంది.

"సరే," అన్నాను. అత్తని చాప అడిగి తీసుకుని, గడప ఇవతల, దానికి నేను కనపడేచోట పరుచుకున్నాను.