పై గదిలో పెట్టిన రెండో రూటర్

ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మా వారికి కూడా. నోటిదాకా వచ్చిన సందర్భాలున్నాయి. ఏదో వంక పెట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. ఏళ్ళ తరబడి మోశాక బరువు అలవాటైపోతుందంటారు. నాకు కాలేదు. ఇప్పటికీ ఎవరైనా "నెట్ రావట్లేదు" అంటే చాలు, నేను ఆ గదిలో ఉండలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

రామచంద్రపురంలో మాది ఉమ్మడి కాపురం. కింద వాటాలో మా బావగారు, మా తోడికోడలు, వాళ్ళమ్మాయి. ఆ పిల్ల పేరు మారుస్తున్నాను, మాధురి అనుకోండి. పై వాటాలో మేమిద్దరం. బియ్యం మిల్లు అన్నదమ్ములిద్దరిదీ అయినా మాట మాత్రం బావగారిదే. ఆయన చెడ్డవారు కాదు, అరిచే మనిషి కూడా కాదు. కళ్ళజోడు తీసి ఒకసారి చూసేవారు, అంతే. నేను ఆయన ఎదుట కూర్చునేదాన్ని కాదు, సూటిగా మాట్లాడేదాన్నీ కాదు. ఏం కావాలన్నా అక్కతో, అంటే మా తోడికోడలితో చెప్పించుకోవాలి.

మాధురి చదువు కోసం ఇంట్లోకి బ్రాడ్‌బ్యాండ్ పెట్టించారు. కంప్యూటరూ రూటరూ కింద ముందు గదిలో, బావగారి కుర్చీ పక్కనే. అంటే నాకు లేనట్టే. పెళ్ళికి ముందు నేను కంప్యూటర్ కోర్సు చేసి, కొన్నాళ్ళు పాఠాలు కూడా చెప్పాను. పెళ్ళయ్యాక అప్పడాలు వత్తడంలో మంచి పేరు తెచ్చుకున్నాను.

నాకు వేరు కాపురం కావాలి. అదీ అసలు రహస్యం. రాజమండ్రిలో ఏదైనా కాలేజీలో ఉద్యోగం వెతుక్కుని, తర్వాత మా వారిని మెల్లగా ఒప్పించాలని నా ఆలోచన. వెతకాలంటే పైన నెట్ ఉండాలి. అది ఎందుకని ఎవరైనా అడిగితే? 'ఇల్లు చీల్చడానికి వచ్చింది' అనే మాట పడాల్సి వస్తే?

మా తమ్ముడు తన పాత ల్యాప్‌టాప్, దాంతోపాటు పాత రూటర్ ఇచ్చాడు. ల్యాప్‌టాప్ పాటల కోసమని ఇంట్లో చెప్పాను. రూటర్‌ని చీరల మధ్య దాచాను. తమ్ముడు ఫోన్లో ఒకటికి రెండుసార్లు హెచ్చరించాడు. కింద రూటర్‌కి దీన్ని కలిపే ముందు ఇందులో ఒక సెట్టింగు ఆపెయ్యాలి. ఇంట్లో కంప్యూటర్లకు దారి చెప్పే పెట్టె ఒక్కటే ఉండాలి. రెండు పెట్టెలూ చెబితే, కంప్యూటర్ ఏ తప్పుడు దారో పట్టుకుని కూర్చుంటుంది.

అది మాధురికి ఎంసెట్ రాంకు వచ్చిన ఏడాది. కాలేజీల వరస కంప్యూటర్లోనే పెట్టాలి, గడువు దాకా మార్చుకోవచ్చు. మాధురి మొదట తన స్నేహితురాలిని చూసి, ఊరికే అలవాటు కోసం హైదరాబాద్ కాలేజీలు పెట్టింది. అసలు వరసలో కాకినాడ కాలేజీ మొదట రావాలి. ఆ పిల్ల రాంకుకి అక్కడ సీటు ఖాయమన్నారు. కానీ బావగారు పంచాంగం చూశారు. మంచి ఘడియ చివరి రోజు సాయంత్రం గాని లేదు. వర్జ్యం పోయాకే ముట్టుకోవాలన్నారు. ఆ మధ్యాహ్నం ముగ్గురూ అద్దె కారులో ద్రాక్షారామం వెళ్ళి స్వామికి అర్చన చేయించుకుని వస్తామని బయల్దేరారు. మా వారు మిల్లులో ఉన్నారు.

ముందు గది ఖాళీ. అలాంటి అవకాశం మళ్ళీ ఎప్పుడొస్తుంది? వైరు కింద రూటర్‌కి తగిలించి, టీవీ కేబుల్ వెంబడే కిటికీలోంచి పైకి లాక్కున్నాను. పైన రూటర్ వెలిగించాను. సెట్టింగు ఆపబోతుండగా వీధిలో కారు హారన్ వినిపించింది. రూటర్ అలాగే వదిలేసి ల్యాప్‌టాప్ మూసేశాను. తర్వాత చూద్దాంలే అనుకున్నాను. చివరి రోజని నాకు తెలియదా? తెలుసు. అయినా ఆ క్షణంలో నా బుర్రలో నేను తప్ప ఇంకెవరూ లేరు.

కింద కంప్యూటర్‌కి బొట్టు పెట్టి, అగరొత్తులు వెలిగించి, ఘడియ రాగానే స్విచ్ వేశారు. పేజీ తెరుచుకోలేదన్న మాట మెట్ల మీద నాకు వినిపించింది. పై పెట్టె చెప్పిన తప్పుడు దారినే అది పట్టుకుందని నాకు వెంటనే అర్థమైంది. పరుగెత్తి పై రూటర్ ఆపేశాను. కానీ అది చాలదు. కింద కంప్యూటర్‌ని కూడా ఒకసారి ఆపి మళ్ళీ పెట్టాలి. ఆ ఒక్క మాట ఎవరైనా చెప్పాలి.

అంతలో మాధురి మెట్లెక్కి వచ్చింది.

"పిన్నీ, నెట్ రావట్లేదు. లైట్లన్నీ వెలుగుతున్నాయి గానీ పేజీ తెరుచుకోవట్లేదు. ఒక్కసారి కిందికొచ్చి చూడవా?"

"మీ నాన్నగారున్నారు కదే."

"పోనీ కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టనా? పూజ చేసి మొదలెట్టిన పని మధ్యలో ఆపకూడదంటున్నారు నాన్న. నువ్వు చెప్పావంటే ఒప్పుకుంటారు పిన్నీ. నువ్వు కంప్యూటర్ చదివావు కదా."

ఆ పిల్ల మందు పేరు కూడా తనే చెప్పింది. నేను అవునంటే చాలు.

"నాకేం తెలుస్తుందమ్మా. లైన్లో ఏదో తేడా అయ్యుంటుంది. అదే వస్తుందిలే."

నా మొహంలోకి చూసి, సరే పిన్నీ అని దిగిపోయింది. ఎందుకలా అన్నాను? ఆయన కిందికి పిలిస్తే వైరు చూస్తారని. వైరు చూస్తే పైకి వస్తారని. పైకి వస్తే అన్నీ బయటపడతాయని. పిల్ల సీటు ఒక పక్క, నా వైరు ఒక పక్క. నేను వైరు వైపు మొగ్గాను.

చాలాసేపు చూసి, ఆఖరికి బావగారు మాధురిని స్కూటర్ మీద నెట్ సెంటర్‌కి తీసుకెళ్ళారు. అక్క పూజగదిలో దణ్ణాలు పెట్టుకుంటోంది. నేను పిల్లిలా కిందికి దిగాను. ముందు వైరు పీకేశాను. ఆ తర్వాత, ఎందుకో, కంప్యూటర్ ఆపి మళ్ళీ పెట్టాను. పేజీ తెరుచుకుంది.

ఇంకా గడువుంది. గోడ గడియారం నా ఎదురుగానే ఉంది. అక్కని ఒక్క కేక వేస్తే బావగారి సెల్‌కి ఫోన్ చేసేది. నేను కేక వెయ్యలేదు. నువ్వు ముందు గదిలో ఏం చేస్తున్నావని అడిగితే ఏం చెప్పను? వైరు కొంగులో దాచుకుని పైకి వచ్చేశాను. దానంతటదే వచ్చిందని అబద్ధమాడినా పిల్ల బతికిపోయేది కదా అని తర్వాత తోచింది. ఆ రోజు భయం నన్ను అబద్ధానికి కూడా పనికిరాకుండా చేసింది.

నెట్ సెంటర్లో జనం కిక్కిరిసి ఉన్నారట. వీళ్ళ వంతు వచ్చేసరికి గడువు దాటిపోయింది. ఇంటికొచ్చి చూస్తే కంప్యూటర్లో పేజీ నిక్షేపంలా ఉంది. కంప్యూటర్ నడపడం బావగారికి రాదు, ఆ సాయంత్రం దాన్ని ముట్టుకుంది మాధురి ఒక్కతే. ఆయన గొంతు పైకి వినిపించింది.

"బానే ఉంది కదమ్మా! ఏంటి ఈ నాటకం? హైదరాబాద్ వెళ్ళాలనుంటే నోరు తెరిచి చెప్పొచ్చు కదా."

"నాటకం కాదు నాన్నా. నిజంగానే రాలేదు." అదే మాట పదే పదే చెప్పి ఏడ్చింది. నేను పైన మంచం అంచున కూర్చున్నాను. ఎవరి అడుగు వినబడినా నా కోసమే వస్తున్నారనుకున్నాను. ఎవరూ రాలేదు. నన్ను అనుమానించాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు.

సీటు హైదరాబాద్‌లో వచ్చింది. అబద్ధమాడే పిల్లని హాస్టల్లో పెట్టనన్నారు బావగారు. మాధురి ఊళ్ళోనే డిగ్రీలో చేరింది. ఇప్పుడు స్కూల్లో టీచరు. బాగానే ఉందని అందరూ అంటారు. నేనూ ఆ మాటని పట్టుకుని కొన్ని రోజులు నెట్టుకొస్తాను. కొన్నాళ్ళకి నాకు ఉద్యోగం దొరికి, మాకు రాజమండ్రి కాపురం కుదిరింది. సామాను మిల్లు లారీలో ఎక్కించి, బావగారే దగ్గరుండి దింపించారు. మాట తూలలేదు. ఇల్లు చీల్చిందని ఎవరూ అనలేదు. నేను భయపడిందేదీ జరగలేదు.

బావగారు పోయిన ఏడాది కాలం చేశారు. కూతురు తనతో అబద్ధమాడిందన్న నమ్మకంతోనే వెళ్ళిపోయారు. దినాల్లో మాధురి నా ఒళ్ళో తల పెట్టుకుని, "ఆ రోజు నిజంగానే నెట్ రాలేదు పిన్నీ, నాన్న ఆఖరిదాకా నమ్మలేదు" అంది. నేను తల నిమిరాను. అప్పుడూ చెప్పలేదు.

ఇక నేను భయపడాల్సిన పెద్దమనిషి లేరు. మరి ఇప్పుడు ఎవరంటే భయం? మాధురి అంటే. ఊరు మార్చలేదు, బంధం మార్చలేదు, జరిగింది జరిగినట్టు రాశాను. ఇది తన కంటపడితే మొదటి పేజీలోనే నన్ను పోల్చుకుంటుంది. అయినా ఇందులో ఒక్క ముక్క కొట్టెయ్యను. ఆ రోజు మాధురి నిజమే చెప్పింది.