సెలీన్ వెనక్కి లాక్కున్న దరఖాస్తు

సెలీన్‌కు చదువుతుంటే అక్షరాలు తారుమారవుతాయి. మోటారు విప్పి బిగించమంటే మాత్రం చెయ్యి తడబడదు. బంగారు గనుల ఊరు కేజీఎఫ్ హాకీ జట్టుకు గోల్‌కీపర్ కూడా. గని కార్మికుడి కొడుకైన కాలేజీ ప్రిన్సిపాల్ ఆమె పతకాలు చూసి మురిసిపోయాడు. ఇంజనీరింగ్ సీటు, పరీక్షకు అదనపు సమయం అడగ్గానే మొహం మాడ్చుకున్నాడు.

"హాకీ మాకే ఆడమ్మా. చదువుకి మాత్రం మా సంస్థలోనే బీఏ ఉండాది, చేరు. చదవలేనోళ్లకి ఇంజనీరింగ్ ఎందుకు?"

పతకాలు కావాలట, పిల్ల వద్దట!

సెలీన్ ఆయన చేతిలోని తన దరఖాస్తు లాక్కుంది.

"మా తాతకి సంతకం కూడా రాదు సార్. గనిలోకి మనుషుల్ని దించే కేజ్‌కి ముప్పై ఏండ్లు గంట కొట్టినాడు. ఆ గంటల లెక్కని బట్టే కేజ్ దిగేది, లెక్క తప్పితే ప్రాణాలు పోతాయి. మీ నాయన దినామూ ఆ గంటని నమ్మే దిగినాడు. మా తాతకి చదువొచ్చునా అని ఎప్పుడన్నా అడిగినాడా?"