తెల్ల బండికి పసుపు బొట్లు

నా కారు నకలు. అసలుది పాతకాలపు ఇంగ్లీషు స్పోర్ట్స్ కారు, పేరు చెప్పినా ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనిదానికి మళ్ళీ నకలేమిటని మా ఆవిడ ఎగతాళి చేసేది. రెండే సీట్లు, చేత్తో చేసిన ఫైబర్ బాడీ, పాల తెలుపు. కెనడాలో మా ఊరు బ్రాంప్టన్‌లో సిగ్నల్ దగ్గర ఆగితే పక్క ట్రక్కు డ్రైవరు అద్దం దించి మరీ "ఇదేం బండి?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న కోసం పని లేకపోయినా బయటికెళ్ళేవాణ్ణి.

దాన్ని గంట దూరంలోని ఒషావాలో ఒక ముసలాయన కట్టాడు. కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాక ఏళ్ళ తరబడి గరాజ్‌లో కూర్చుని చేసుకున్నాడు. చేతులు వణకడం మొదలయ్యాక నాకు అమ్మాడు, ఒక షరతు మీద. ఏడాది తర్వాత తెచ్చి చూపించాలి. తాను వేసిన రంగు పాడైతే డబ్బు తిరిగిచ్చి బండి తీసేసుకుంటాడు. అప్పటిదాకా రెండో తాళం ఆయన దగ్గరే. సరేనని చెయ్యి కలిపాను.

గడువు ఆదివారం. అదే వారం దసరా. మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, పండగ సంగతే నాకు గుర్తులేదు. ఆ ఆదివారం పొద్దున గరాజ్ తలుపెత్తి గావుకేక పెట్టాను. బానెట్ నిండా ముద్ద పసుపు, మధ్యలో కుంకుమ బొట్లు, టైర్ల కింద నిమ్మకాయలు!

ఆ ఏడు ఎక్కడా రూములు దొరక్క మా బేస్‌మెంట్‌లో అయిదుగురు స్టూడెంట్ అమ్మాయిలు సర్దుకుని ఉండేవారు. వాళ్ళలో సైకిల్ పెట్టుకోడానికి గరాజ్ తలుపు తెరిచే కోడ్ ఒకమ్మాయికే తెలుసు. ఆమెను పిలిచాను.

"ఏంటమ్మా ఇది? నా కొంప ముంచావు కదా!"

"ఆయుధపూజ కదా అంకుల్. మా నాన్న లారీకి ఏటా చేస్తం. సర్‌ప్రైజ్ ఇద్దామని నిన్న సాయంత్రమే చేసిన." నా మొహం చూసి పరుగున నీళ్ళ బకెట్ తెచ్చింది.

షాంపూ పెట్టాం, వెనిగర్ పెట్టాం. కుంకుమ పోయింది. పసుపు మాత్రం తెల్ల పెయింట్‌లోకి ఇంకి మచ్చలై మిగిలింది. ఒషావా చేరేదాకా బండి పోయినట్టేననుకున్నాను.

ముసలాయన మచ్చ మీద వేలు పెట్టి రుద్దాడు. వేలికేమీ అంటలేదు. నేను ఉన్నదున్నట్టు చెప్పేశాను: మా దేశంలో ఏడాదికోసారి పనిముట్లకూ బండ్లకూ బొట్టు పెట్టి దండం పెడతారనీ, ఆ అమ్మాయి వాళ్ళ నాన్న లారీ డ్రైవరనీ.

ఆయన డ్రైవరు సీట్లో కూర్చుని స్టీరింగ్ మీద చెయ్యేశాడు.

"ముప్పై ఏళ్ళు ఫ్యాక్టరీలో తలుపులు బిగించాను. బండికి దండం పెట్టిన మనిషి గురించి వినను కూడా లేదు. నేను కట్టిన బండికి పెట్టిందా?"

"పెట్టింది."

లోపలికెళ్ళి రెండో తాళం తెచ్చి నా చేతిలో పెట్టాడు. హమ్మయ్య అనుకుని జేబులో వేసుకోబోయాను.

"నీకు కాదు," అన్నాడు. "ఆ అమ్మాయికివ్వు."

ఏడాదంతా శనివారం శనివారం ఒళ్ళొంచి కడిగింది నేను! కడుపు మండిపోయింది. అయినా ఇంటికొచ్చి తాళం ఆ పిల్ల చేతికిచ్చి, పక్క సీట్లో నేను కూర్చున్నాను.